లెక్క అడిగితే ప్రేమ పోదు

ప్రేమకూ డబ్బుకూ పడదని, ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాలని మన దగ్గర గట్టి నమ్మకం. కాలేజీ వార్షికోత్సవంలో మాట్లాడే పెద్దమనిషి దగ్గర్నుంచి డోన్ స్టేషన్ బయట టీ తాగే కుర్రాళ్ళ దాకా అందరిదీ ఇదే మాట. పాత సినిమాల గొప్పతనం ఏమిటని అడిగితే వెంటనే ఇదే చెబుతారు. అప్పట్లో ప్రేమ గెలిచేదట, డబ్బు ఓడేదట, ఇప్పటి ఆడపిల్లలు మాత్రం ప్యాకేజీ ఎంతని అడుగుతున్నారట. ఈ అభిప్రాయం సినిమాల విషయంలో తప్పు, బతుకు విషయంలో అంతకన్నా తప్పు. పైగా మా కరువు సీమలో ఆడపిల్ల చేతిలోంచి ఆస్తి జారిపోవడానికి ఈ మాటే ఉపయోగపడుతోంది. అందుకే దీన్ని చూసీ చూడనట్టు వదిలేయడం నా వల్ల కాదు.

ముందు సినిమాల సంగతి. ప్రేమా డబ్బా అన్న సినిమా కథలు చాలావాటికి మూలపుటమ్మ 1934లో హాలీవుడ్‌లో వచ్చిన 'ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్'. తీసినవాడు ఫ్రాంక్ కాప్రా. ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, స్క్రీన్‌ప్లే, ఈ ఐదు ఆస్కార్లూ ఒక్క సినిమాకే రావడం దానితోనే మొదలు. 1956లో రాజ్ కపూర్, నర్గీస్ నటించిన 'చోరీ చోరీ' ఈ కథతోనే వచ్చింది. 1991లో ఇదే కథ హిందీలో మళ్ళీ 'దిల్ హై కే మాన్తా నహీ' అయింది. కోటీశ్వరుడి కూతురు ఎల్లీ తండ్రితో పోట్లాడి, ఓడలోంచి సముద్రంలోకి దూకి పారిపోతుంది. న్యూయార్క్ బస్సులో ఆమెకు పీటర్ అనే పత్రికా విలేఖరి తగులుతాడు. ఉద్యోగం పోయినవాడు, జేబులో పెద్దగా ఏమీ లేనివాడు. చివరికి ఆమె పెళ్ళిపందిరి వదిలేసి అతని కోసం పరుగెత్తుతుంది. ఇంతే గుర్తుంచుకుని, ఐశ్వర్యాన్ని తన్నేసి ప్రేమను ఎంచుకుందని చెప్పుకుంటారు.

సినిమాను సరిగ్గా చూస్తే ఇందులో అడుగడుగునా లెక్కే కనిపిస్తుంది. బస్సులో ఎల్లీ చాక్లెట్ల పెట్టె కొనబోతే పీటర్ వద్దంటాడు. ఆమె చేతిలో మిగిలింది చాలా కొద్ది, ప్రయాణం ఇంకా చాలా ఉంది. ఇక నుంచి ఖర్చు అదుపులో పెట్టుకోవాలని గట్టిగా చెబుతాడు. వాళ్ళ సాన్నిహిత్యం పాటతో కాదు, ఖర్చు తగ్గించుకోవడంతో మొదలవుతుంది. అదే బస్సులో ఒక తల్లి స్పృహ తప్పి పడిపోతుంది. పక్కనున్న చిన్న కొడుకు ఏడుస్తూ సంగతి చెబుతాడు. న్యూయార్క్‌లో ఆమెకు పని దొరుకుతుందని ఉన్న డబ్బంతా టిక్కెట్లకు పెట్టేశారు, తిండి తిని చాలాసేపయింది. అమెరికాలో కోటి మందికి పైగా పని లేని కాలమది. కాప్రా ఆ ఆకలిని ప్రేమకథ మధ్యలోనే నిలబెట్టాడు. వినోదం పాడవుతుందని భయపడలేదు.

ఇక అసలు ఘట్టం. కూతుర్ని పట్టిచ్చినవాడికి పది వేల డాలర్లు ఇస్తానని తండ్రి పత్రికల్లో ప్రకటించి ఉంటాడు. పీటర్ ఆయన దగ్గరికి వస్తాడు. బహుమానం కోసమే వచ్చాడని తండ్రి అనుకుంటాడు. పీటర్ అడిగేది 39 డాలర్ల 60 సెంట్లు. దారిలో పెట్టిన ఖర్చు, అమ్ముకోవాల్సి వచ్చిన కోటు, సూట్‌కేసు, టోపీ, మూడు చొక్కాలు, అన్నీ వరుసగా రాసుకుని తెచ్చాడు. పది వేలు వద్దంటాడు, 39.60 మాత్రం ఒక్క సెంటు వదలడు. వ్యాపారంలో తల పండిన ఆ తండ్రి అక్కడే మనిషిని పోల్చుకుంటాడు. తన కూతుర్ని ప్రేమిస్తున్నావా అని అప్పుడే అడుగుతాడు.

డబ్బే వద్దు, ప్రేమే చాలు అని పీటర్ దండం పెట్టి వెళ్ళిపోయి ఉంటే ఆ సీను ఎంత చప్పగా ఉండేదో ఊహించండి. తనది కానిది ముట్టడు, తనది అయినది వదలడు. అతని నిజాయితీకి ఆ కాగితమే సాక్ష్యం. డబ్బు మీద గెలుపు ఈ సినిమాలో ఎక్కడా లేదు. దొంగ డబ్బుకూ కష్టార్జితానికీ తేడా తెలిసిన మనిషి ఒకడు ఉన్నాడు, అంతే.

హాలీవుడ్ మనకెందుకు అనేవాళ్ళకు మన సినిమాలే చూపిస్తాను. ఆ తరం మంచి సినిమాల్లో చాలా వాటి వెనుక ఉన్నది సీమవాళ్ళే. విజయా సంస్థను చక్రపాణితో కలిసి నడిపిన బి.నాగిరెడ్డిది కడప జిల్లా పొట్టిపాడు. ఆయన అన్న బి.ఎన్.రెడ్డిదీ ఆ జిల్లానే. కె.వి.రెడ్డిది తాడిపత్రి, డోన్ నుంచి పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రాగల దూరం. వాన రాని ఏడాది ఇంట్లో దుడ్డు ఎట్లా కదులుతుందో, అప్పు మనిషిని ఏం చేస్తుందో ఈ సీమలో పుట్టినవాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. ప్రేమకథ తీసినా వీళ్ళు ఖర్చు పద్దు దాచలేదు.

'మిస్సమ్మ'నే తీసుకోండి. 1955లో విజయా సంస్థకు ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వంలో వచ్చింది. అందరికీ గుర్తున్నది పాటలు, సావిత్రి కోపం, రామారావు చిరునవ్వు. కథ నిలబడింది మాత్రం అప్పు మీద. సావిత్రి వేసిన మేరీ కుటుంబం డేవిడ్‌కు బాకీ. ఆ వేషం వేసిన రమణారెడ్డి బాకీ తీర్చలేకపోతే పెళ్ళి చేసుకోమని వెంటపడుతుంటాడు. అప్పాపురం జమీందారు తన బడికి పంతుళ్ళుగా దంపతులే కావాలంటాడు, ఇద్దరూ బి.ఏ. చదివి ఉండాలంటాడు. ముక్కూ మొహం ఎరగని నిరుద్యోగితో భార్యగా నటించడానికి మేరీ ఎందుకు ఒప్పుకుంది? జీతం కోసం. ఆ జీతంతో బాకీ తీర్చి డేవిడ్ పీడ వదిలించుకోవడం కోసం. ప్రేమ వచ్చింది ఆ తర్వాత. ముందు వచ్చినవి ఒప్పందం, నెల జీతం, స్వేచ్ఛ. తన జీతం తను సంపాదించుకుంది కాబట్టే ఆ అమ్మాయి అలగగలిగింది, కాదనగలిగింది, చివరికి ఇష్టపడగలిగింది. చేతిలో చిల్లిగవ్వ లేని అమ్మాయికి డేవిడ్‌ను కాదనే దారే ఉండేది కాదు.

ముగింపు దగ్గర మాత్రం 'మిస్సమ్మ' నాకు నచ్చదు. చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు కూతురే మేరీ అని తేలుతుంది, ఎస్టేటే ఆమె ఒళ్ళో పడుతుంది. మా పక్కన తుగ్గలి, జొన్నగిరి చేలల్లో తొలకరి పడగానే వజ్రాల కోసం జనం ఎగబడతారు. ఎవరో ఒక కూలీకి రాయి దొరికిందని వింటాం, అది అబద్ధం కాదు, కానీ దాన్ని నమ్ముకుని ఎవరూ సంసారం మొదలుపెట్టరు. ఆ జమీందారీ అలాంటి రాయి. కష్టపడి అప్పు తీర్చుకుంటున్న పిల్లకు చివర్లో అదృష్టం తగిలించడంతో, ఆమె జీతం ఎంత ముఖ్యమో ప్రేక్షకులు మరచిపోయారు. ప్రేమ గెలిచిందన్న మాట ఒక్కటే మిగిలింది.

అదే సంస్థ 1952లో తీసిన 'పెళ్ళి చేసి చూడు' ఇంకా సూటిగా మాట్లాడుతుంది. ఒప్పుకున్న కట్నం చేతికి రాలేదని పెళ్ళికొడుకు తండ్రి కొడుకును తీసుకుని పెళ్ళి దగ్గర్నుంచే లేచిపోతాడు. పెళ్ళికొడుకు పిచ్చివాడిగా నటిస్తాడు, పెళ్ళికూతురు నర్సుగా ఆ ఇంట్లోకే వస్తుంది. కడుపుబ్బ నవ్విస్తూ చెప్పిన విషయం ఒకటే: ఆ ఇద్దరి మధ్య అడ్డు నిలిచిన డబ్బు వాళ్ళది కాదు, ఒక తండ్రి మరో తండ్రి దగ్గర గుంజాలనుకున్న డబ్బు. కె.వి.రెడ్డి 'పాతాళభైరవి'లో కూడా తోట రాముడికి రాకుమారిని ఇవ్వాలంటే రాజు తనంత సంపద తెమ్మంటాడు. రాముడు సంపద అక్కర్లేదనడు. సంపాదించడానికే బయల్దేరతాడు.

బి.ఎన్.రెడ్డి 'మల్లీశ్వరి'ని ఎదురు చూపిస్తారని నాకు తెలుసు. 1951 నాటి ఆ సినిమాలో తల్లి డబ్బాశ పిల్లల ప్రేమకు అడ్డుపడుతుంది, నిజమే. కానీ ఆ డబ్బులో మల్లికి ఒక్క కాసు మీదైనా అధికారం ఉందా? రాజు పంపిన పల్లకీ వచ్చిందని ఆమె సంబరపడలేదు, ఆమెను అడిగినవాళ్ళూ లేరు. ఆ కథ నిజంగా చూపించేది డబ్బు చెడ్డదని కాదు. ఆడపిల్ల విలువ ఇంకొకరు కట్టి, ఇంకొకరు పుచ్చుకుంటే ఆమె ప్రేమకు చోటు ఉండదని.

సినిమాల సంగతి ఇక చాలు. బతుకు మాట్లాడుకుందాం.

ఇటీవల మా బంధువుల ఇంట్లో పెళ్ళిచూపులు జరిగాయి. పిల్ల నర్సింగ్ చదివి కర్నూలులో పని చేస్తోంది. అబ్బాయిది ప్యాపిలి వైపు పల్లె, హైదరాబాదులో ఉద్యోగం. ఇద్దర్నీ కాసేపు మాట్లాడుకోనిచ్చారు. పిల్ల రెండే అడిగింది. మీ ఇంటికి అప్పులు ఎంత? అవి ఎవరి పేరు మీద ఉన్నాయి? అబ్బాయి తడబడ్డాడు. మూడు బోర్లు వేయించి మూడూ ఎండిపోయిన సంగతి, బ్యాంకులోనూ బయటా తెచ్చిన సంగతి చివరికి చెప్పాడు. బయటికి వచ్చాక అబ్బాయి మేనత్త గొంతు పెంచింది. "ఎంత అప్పుందని అడుగుతాదంటప్పా, ఇట్లాంటి పిల్ల సంసారం చేస్తాదా?" అదే మేనత్త అంతకు అరగంట ముందు పిల్ల తండ్రితో బంగారం ఎన్ని తులాలో, రొక్కం ఎంతో, బండి ఏ కంపెనీదో మాట్లాడి ముగించింది. ఆ మాటలప్పుడు డబ్బు ప్రసక్తి తెచ్చారని ఎవరికీ కోపం రాలేదు. పిల్ల నోట వచ్చేసరికి అది ఆశ అయింది, అహంకారం అయింది.

నేను ఎదిరించేది దీన్నే. డబ్బు మాట్లాడటం తప్పని మన సమాజం ఏనాడూ అనుకోలేదు. కట్నం, పెట్టుబోతలు, ఆడపడుచు లాంఛనం, అన్నీ డబ్బు మాటలే, అన్నీ గుట్టుగా పెద్దవాళ్ళ మధ్య తెగిపోతాయి. పెళ్ళి చేసుకునే పిల్ల నోట వచ్చినప్పుడు మాత్రమే ప్రేమ గుర్తొస్తుంది. ఎండిపోయిన బోరు అప్పు పుస్తె కట్టిన రోజు నుంచి ఆమె మెడకూ చుట్టుకుంటుంది. బయటి అప్పుకు నూటికి రెండు, మూడు వడ్డీ కట్టడానికి రేపు ఆమె జీతమే కరుగుతుంది. వాన మొహం చాటేసిన ఏడు పల్లెలకు పల్లెలు ఇళ్ళకు తాళాలు వేసి గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోవడం పడమటి మండలాల్లో అందరం చూస్తున్నదే. ఆ లారీల్లో ఆడవాళ్ళూ ఉంటారు. అప్పు ఎంతో ముందే తెలుసుకునే హక్కు వాళ్ళకు లేదా?

ప్రేమించి పెళ్ళి చేసుకున్నవాళ్ళకు ఇది వర్తించదంటారు కొందరు. వాళ్ళకే ఎక్కువ వర్తిస్తుంది. పెద్దలు కుదిర్చిన సంబంధంలో ఎవరో ఒక మామ అయినా పొలం పాసుబుక్కు చూస్తాడు. ఇష్టపడి వెళ్ళిపోయిన పిల్లకు ఆ తోడు కూడా ఉండదు. నెల అద్దె ఎవరు కడతారు, ఎవరి జీతం ఎంత, ఊరికి ఎంత పంపాలి అని అడిగితే ప్రేమ మైలపడుతుందని ఆమె చేత నమ్మించాం. అడగలేక, చెప్పుకోలేక, ఆరు నెలలకు పుట్టింటి గడప ముందు నిలబడిన పిల్లలు మన వీధుల్లోనే ఉన్నారు. అప్పుడు ఊరంతా ప్రేమ పెళ్ళిళ్ళు ఇంతేనంటుంది. తప్పు ప్రేమది కాదు, లెక్క చెప్పుకోకుండా దాచినవాడిది, లెక్క అడగకూడదని నేర్పిన మనది.

కట్నం గురించి ఒక సంగతి చాలామందికి తెలియదు. ఆంధ్రప్రదేశ్ 1958లోనే కట్నాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది, దేశమంతటికీ 1961లో వచ్చింది. ఆ 1961 చట్టంలోనే ఇంకో మాట ఉంది. పెళ్ళికూతురు కాక వేరెవరైనా కట్నం పుచ్చుకుని ఉంటే దాన్ని మూడు నెలల్లో ఆమెకు అప్పగించాలి. తీసుకోవడం నేరమే, తీసుకున్నాక కూడా అది ఆమెదే. ఆ డబ్బుతో మామ ట్రాక్టరు కొన్నా, ఆడబిడ్డ పెళ్ళి చేసినా అది ఆమెకు పడ్డ బాకీ. ఎన్ని ఇళ్ళలో ఈ బాకీ తీరిందో మీరే చెప్పండి.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ కలచివేసేది అన్నాచెల్లెళ్ళ మధ్య జరిగేది. ప్రేమా డబ్బా అన్న ప్రశ్న ఇప్పుడు డోన్ చుట్టుపక్కల గట్టిగా వినిపిస్తున్నది ప్రేమికుల దగ్గర కాదు, రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో. ఒకప్పుడు ఇక్కడ మెట్ట పొలం ఎవరికీ అక్కర్లేదు. ఐదెకరాలు వేరుశనగ వేస్తే విత్తనం ఖర్చు వచ్చేది కాదు. ఇప్పుడు 44వ నంబరు జాతీయ రహదారి పక్కన ఆ పొలాలే ప్లాట్లయ్యాయి, సెంటు లెక్కన ధర పలుకుతున్నాయి. దాంతో మరచిపోయిన చెల్లెళ్ళు గుర్తొస్తున్నారు. ఫోను వస్తుంది, కారు వస్తుంది, చీర పెడతారు. ఆఫీసు వరండాలో కూర్చోబెట్టి హక్కు విడుదల దస్తావేజు మీద వేలిముద్రో, సంతకమో తీసుకుంటారు. ఎవరైనా పిల్ల తటపటాయిస్తే అన్న అడిగేది ఒకటే మాట. "నీకు మేం కావాల్నా, బూమి కావాల్నా?"

ఎంత దుర్మార్గమైన ప్రశ్న అది! అన్నను ఎవరూ అలా అడగరు. భూమిలో వాటా తీసుకున్నంత మాత్రాన అతను నాయన మీద, చెల్లెలి మీద ప్రేమ వదులుకున్నట్టు కాదు. రెండూ అతనివే. చెల్లెలికి మాత్రం రెంటిలో ఒకటే. అల్లుడు పండగకు రావాలంటే, మేనమామ పిల్లకు ఓణీ పెట్టాలంటే, రేపు కష్టం వస్తే పుట్టింట్లో నాలుగు రోజులు తలదాచుకోవాలంటే, ఆ సంతకం ఖరీదుగా కట్టాలి. సినిమాలు చూసి మనం చప్పట్లు కొట్టిన ఆదర్శం, డబ్బును కాదని ప్రేమను ఎంచుకోవడం, ఇక్కడ ఎలా పనిచేస్తోందో చూడండి. ఆడది ఎంచుకోవాలి, మగవాడు ఉంచుకోవాలి.

'పెళ్ళి చేసి చూడు'లోనూ 'మిస్సమ్మ'లోనూ కథానాయకుడు నందమూరి తారక రామారావు. ముఖ్యమంత్రి అయ్యాక ఆయన ప్రభుత్వమే హిందూ వారసత్వ చట్టానికి సవరణ తెచ్చి, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది, దేశంలో అందరికన్నా ముందు వరుసలో నిలిచింది. అప్పటికే పెళ్ళయిపోయిన కూతుళ్ళకు అది వర్తించకపోవడం పెద్ద లోటు. 2005లో కేంద్రం చట్టం మార్చినప్పుడు ఆ లోటు పోయింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండాలా వద్దా అన్న పేచీని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్చేసింది, కూతురిది పుట్టుకతో వచ్చిన హక్కేనని తేల్చింది. రామారావు సినిమాలను గుండెకు హత్తుకున్న మనం ఆయన ప్రభుత్వం ఇచ్చిన చట్టాన్ని వరండాలో చీర పెట్టి రద్దు చేసుకుంటున్నాం.

అన్నల వాదన కూడా విన్నాను. పెళ్ళికి అంత ఖర్చు పెట్టాం, కట్నం ఇచ్చాం, ముసలివాళ్ళను చూసుకున్నది మేమే అంటారు. చివరి మాటలో న్యాయం ఉంది. అమ్మానాన్నల మందులకు, ఆసుపత్రికి పెట్టిన ఖర్చు తప్పకుండా లెక్కలోకి రావాలి. అందరూ కూర్చుని కాగితం మీద రాసి, వాటాలు వేసే ముందు తీసేయండి. ఏ చెల్లెలూ కాదనదు. కట్నం మాట మాత్రం చెల్లదు, అది ఆమె చేతికి రాలేదు. మీరు వియ్యంకుడికి ఇచ్చినదాన్ని ఆమె ఖాతాలో ఎలా రాస్తారు? పీటర్ కోటీశ్వరుడి ముందు పెట్టిన 39.60 కాగితం లాంటిదే ఇక్కడా కావాలి. ఎవరు ఎంత పెట్టారు, ఎవరికి ఎంత రావాలి అని పైసాతో సహా రాస్తే మొహమాటానికి చోటు ఉండదు, మోసానికీ ఉండదు.

ఈ లెక్కలు మాట్లాడితే కుటుంబాలు విడిపోతాయని భయపెడతారు. కొన్ని విడిపోతాయి, దాచను. కానీ మా మండలంలో పల్లెల ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి పొదుపు సంఘాలు నడుపుతున్నారు. నెలనెలా కూర్చుని, ఎవరి కంతు బాకీ ఉందో పేరు పెట్టి చదువుతారు. తోడికోడళ్ళు, వదినా మరదళ్ళు ఒకే సంఘంలో ఉంటారు. బాకీ పేరు పైకి చదివారని ఎవరూ ఎవరింటి గడప తొక్కడం మానలేదు. కంతు కట్టలేని నెల మిగతావాళ్ళు సర్దుతారు, అది కూడా పుస్తకంలో రాస్తారు.

వెల్దుర్తి వైపు ఒక పల్లెలో నాకు తెలిసిన ఒకావిడ ఉంది. భర్త పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు. ఇద్దరు అన్నదమ్ములు వచ్చి సంతకం అడిగితే పెట్టలేదు. రెండు సంక్రాంతులకు పుట్టింటి నుంచి పిలుపు లేదు, పెద్దమ్మ కూతురి పెళ్ళికి కూడా చెప్పలేదు. ఆమె ఏడ్చింది, కానీ మాట మార్చలేదు. వాటా తన పేరున రాయించుకున్నాక, ఆ రెండున్నర ఎకరాలు బయటివాళ్ళకు కాకుండా అన్నకే గుత్తకు ఇస్తానని కబురు పెట్టింది. కోపం చల్లారి ఆయన వచ్చాడు. ఏటా ఉగాది దాటాక గుత్త డబ్బు తెచ్చి ఇస్తాడు, ఆమె చేత రశీదు రాయించుకుంటాడు, మధ్యాహ్నం అక్కడే తిని పోతాడు. తమ్ముడు ఇంకా మాట్లాడటం లేదు. పెద్దపిల్ల కర్నూలులో డిగ్రీ చదువుతోంది, హాస్టలు ఫీజు ఆ గుత్త డబ్బుతోనే కడుతున్నారు.